మానవ హక్కుల పాలసీ, ఎన్జీవో కన్సల్టింగ్: హైదరాబాద్‌లో ఈ వృత్తిలోకి రావాలంటే

అన్యాయం జరుగుతోందని ఊరంతటికీ తెలిసినా ఏళ్ల తరబడి ఏమీ కదలదు. చాలాసార్లు కారణం ఒకటే. ఏ అధికారి, ఏ సెక్షన్ కింద, ఎన్ని రోజుల్లో, ఏం చెయ్యాలో ఎవరూ కాగితం మీద పెట్టి అడిగి ఉండరు. మానవ హక్కుల పాలసీ పనిలో ఎక్కువ భాగం ఆ కాగితం తయారుచెయ్యడమే. అలా అడిగే సంస్థల దగ్గర డబ్బు, మనుషులు, రిజిస్ట్రేషన్లు చెదిరిపోకుండా చూసి, ఉన్న కొద్ది బలాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చే పని ఎన్జీవో స్ట్రాటజీ కన్సల్టింగ్. ఈ రెండూ వేర్వేరు విద్యలే అయినా, ఒకటి వచ్చి రెండోది రానివాళ్లు త్వరగా ఆగిపోతారు. చట్టం తెలిసి సంస్థల లెక్కలు తెలియకపోతే మీ సిఫారసును అమలుచేసే నాథుడుండడు. లెక్కలు తెలిసి చట్టం తెలియకపోతే ప్లాన్ చూడ్డానికి బాగుంటుంది, బాధితుల చేతికి మాత్రం ఏమీ రాదు.

మొదటి మూడేళ్లు ఉద్యోగమే చెయ్యండి

ఎంఏ పట్టా చేతికి రాగానే కన్సల్టెంట్ అని కార్డు కొట్టించుకోవద్దు. ఫండర్ రెండో విడత డబ్బు రెండు నెలలు ఆలస్యమైతే జీతాలు ఎలా సర్దుతారో, ఆడిట్‌లో ఓచర్ దొరక్కపోతే ఏమవుతుందో, కలెక్టరేట్‌లో ఫైలు ఏ సెక్షన్ టేబుల్ మీద ఆగుతుందో లోపల ఉండి చూసినవాళ్లకే తెలుస్తుంది. రేపు మిమ్మల్ని పిలిచే సంస్థలు అడిగేవి కూడా ఇవే. ప్రోగ్రామ్ ఆఫీసర్, డాక్యుమెంటేషన్ ఆఫీసర్, ఫీల్డ్ కోఆర్డినేటర్, ఎంఐఎస్ (డేటా నమోదు చూసే) అసిస్టెంట్: ఈ పేర్లతో వచ్చే ఉద్యోగాల్లో ఏదైనా పనికొస్తుంది. వీలైతే అందులో ఏడాదైనా గ్రాంట్ రిపోర్టులు మీరే రాసే చోట ఉండండి.

చదువు విషయానికొస్తే హైదరాబాద్‌లో ఎంపికకు లోటు లేదు. న్యాయం వైపు నుంచి వచ్చేవాళ్లకు శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, సామాజిక శాస్త్రాల వైపు నుంచి వచ్చేవాళ్లకు గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) హైదరాబాద్ క్యాంపస్, ఉర్దూ మాధ్యమంలో మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ) ఉన్నాయి. డిగ్రీ పేరుకన్నా అందులో ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలుందో చూసి చేరండి. బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం), రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ), కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ లాంటి చోట్ల సర్వే ప్రాజెక్టులకు రీసెర్చ్ అసిస్టెంట్లను తీసుకుంటుంటారు. ప్రశ్నావళి ఎలా తయారవుతుందో, శాంపిల్ ఎక్కడ చెడుతుందో నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు. చట్టసభల పని చూడాలనుంటే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్ ఉంది. దాదాపు ఏడాదిపాటు ఒక ఎంపీకి సహాయకులుగా ఉంటారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవిలో, చలికాలంలో ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది.

భాషల సంగతి వేరే చెప్పాలి. తెలుగులో విని, దక్కనీలో మాట్లాడి, ఇంగ్లిష్‌లో నోట్ రాయగలిగిన మనిషికి ఈ నగరంలో పోటీ తక్కువ. పాతబస్తీ గృహహింస కేసుల మీద పనిచేస్తూ ఉర్దూ అర్థం కాకపోతే, ప్రతి మాటా మధ్యవర్తి నోటి నుంచే వింటారు. వినేది సగమే ఉంటుంది.

ఈ నేల మీద ఈ పనికి పాత సంప్రదాయం ఉంది, అది తెలుసుకుని రండి. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటివాళ్లు దశాబ్దాలపాటు చేసిన పౌరహక్కుల పనిలో నిజనిర్ధారణ నివేదికలు ముఖ్యమైన భాగం. ఘటన జరిగిన చోటికి వెళ్లడం, అన్ని పక్షాలతో మాట్లాడటం, చూసినదాన్నీ విన్నదాన్నీ విడివిడిగా రాయడం, చివర నిర్దిష్టమైన డిమాండ్లు పెట్టడం. ఇప్పుడు లక్షల రూపాయలు పోసి చేయిస్తున్న చాలా అధ్యయనాలకన్నా ఆ పద్ధతి బిగువైనది.

చట్టం చదివే పద్ధతి

ఎక్సెల్‌లో నాలుగు కాలమ్‌లు పెట్టుకోండి: హక్కు, సెక్షన్ లేదా రూల్, బాధ్యుడైన అధికారి, గడువు. చదివిన ప్రతి చట్టాన్నీ అందులోకి దించండి. ఉదాహరణకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు 1995లో 17వ రూల్ ప్రకారం జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. కస్టడీలో మనిషి చనిపోతే 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలియజేయాలని 1993 నుంచీ ఆదేశం ఉంది. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993లో 36(2) సెక్షన్ ప్రకారం, ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టడానికి వీల్లేదు. ఇలా ఓ అరవై వరుసలు నిండేసరికి, ఎవరైనా సమస్య చెబుతుండగానే ఏ తలుపు తట్టాలో మీకు కనపడుతుంది.

పట్టికను ఏడాదికి రెండుసార్లు దిద్దండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 మీద ఆధారపడిన పాత సిఫారసులను అలాగే ఎత్తి రాస్తే మీ నోట్ మొదటి పేజీలోనే విలువ పోగొట్టుకుంటుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 మాత్రం ఆ కోడ్‌లలో కలవలేదు, విడిగానే ఉంది.

కమిషన్లకు ఫిర్యాదు రాసేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకటే తీరు. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. కానీ పేరు లేని ఫిర్యాదు, అస్పష్టమైనది, సివిల్ తగాదా, ఉద్యోగ సర్వీసు వివాదం, కోర్టులో నడుస్తున్న విషయం అయితే ప్రవేశ దశలోనే కొట్టేస్తారు. అందుకే మొదటి పేరాలోనే తేదీ, స్థలం, బాధ్యుడైన ప్రభుత్వ ఉద్యోగి హోదా, జరిగిన చర్య లేదా నిర్లక్ష్యం ఉండాలి. తెలంగాణ రాష్ట్ర కమిషన్ నాంపల్లిలో ఉంది. కొన్నేళ్లు ఛైర్మన్ లేక ఖాళీగా ఉండి 2025లో మళ్లీ ఏర్పడింది. ఒక్క సంస్థ మీదే ఆశ పెట్టుకుని స్ట్రాటజీ కట్టకూడదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి, న్యాయసేవాధికార సంస్థ, హైకోర్టు, అసెంబ్లీలో ప్రశ్న: రెండో దారి, మూడో దారి ముందే రాసిపెట్టుకోవాలి.

ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం

ఒడిశాలోని బలాంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి కుటుంబాలు అడ్వాన్స్ తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. చలికాలం మొదట్లో వచ్చి, వానలు పడేదాకా ఉంటాయి. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. అడ్వాన్స్ తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకుంటే అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ) కార్మికుల కేసులో చెప్పింది.

ఒక సంస్థ మిమ్మల్ని పిలిచి, విముక్తి పొందినవాళ్లకు పునరావాసం అందడం లేదు, పాలసీ నోట్ కావాలి అంటుంది. చాలామంది ఇక్కడే దారి తప్పి వలసల చరిత్ర, పేదరికం, గణాంకాలతో ముప్ఫై పేజీలు రాస్తారు. మీరు మొదట చట్టంలోని గొలుసును విప్పాలి. వెట్టి ఉందని తెలిస్తే విచారించాల్సింది జిల్లా మెజిస్ట్రేట్, ఆయన అధికారం అప్పగించినవాళ్లు. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం వెట్టిచాకిరీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం యజమానిదే. ఇది చాలామంది కింది అధికారులకు తెలియదు, కార్మికుడినే రుజువు అడుగుతారు. తరువాత విడుదల పత్రం, అంటే వెట్టి నుంచి విముక్తి పొందారని అధికారి ఇచ్చే కాగితం. కేంద్ర పునరావాస పథకం 2021 ప్రకారం వెంటనే ఇచ్చే సాయం 30,000 రూపాయల వరకు, దానికి కేసులో శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. పూర్తి పునరావాసం వయోజన పురుషుడికి లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా లాంటి తీవ్రమైన సందర్భాల్లో 3 లక్షలు. ఆ మొత్తం మాత్రం విచారణ ముగింపుతో ముడిపడి ఉంది. తక్షణ సాయం కోసం ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షలతో కార్పస్ ఫండ్ (మూలనిధి) ఉండాలి.

ఇప్పుడు గొలుసు ఎక్కడ తెగిందో కనుక్కోవాలి. పత్రమే ఇవ్వట్లేదా? పత్రం ఇచ్చి 30,000 ఇవ్వట్లేదా? కార్పస్ ఫండే లేదా? కేసు నడవక లక్షలు ఆగిపోయాయా? ఈ నాలుగింటికీ బాధ్యులు వేరు, పరిష్కారాలు వేరు. దీనికి ఆర్టీఐ వెయ్యండి. జిల్లా స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి ఏమీ లేదు. ప్రశ్నలు ఇలా ఉండాలి:

- ఫలానా మూడు ఆర్థిక సంవత్సరాల్లో జారీచేసిన విడుదల పత్రాల సంఖ్య, సంవత్సరం వారీగా.
- అదే కాలంలో తక్షణ సాయం అందినవారి సంఖ్య, మొత్తం సొమ్ము.
- కార్పస్ ఫండ్ ఏర్పాటు చేసిన తేదీ, మార్చి 31 నాటి నిల్వ.
- వెట్టి చట్టం కింది జిల్లా, డివిజన్ విజిలెన్స్ కమిటీలు సమావేశమైన తేదీలు, మినిట్స్ ప్రతులు.

ఎందుకు ఇవ్వలేదు అని అడగొద్దు. ఆర్టీఐ కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు వివరించాల్సిన బాధ్యత సమాచార అధికారికి (పీఐఓ) లేదు. పేర్లు కూడా అడగొద్దు. వ్యక్తిగత సమాచారం మినహాయింపు, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చిన సవరణతో 2025 నవంబర్ నుంచి ఇంకా బిగుసుకుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోపు రెండో అప్పీలు. ఒకే దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు కుక్కితే మూడు శాఖలకు బదిలీ అయి, ఎటూ కాకుండా పోతుంది. శాఖకొకటి, దరఖాస్తుకు నాలుగైదు ప్రశ్నలు మించకుండా వేస్తే జవాబు వస్తుంది.

ఫీల్డ్‌లో

బట్టీ దగ్గర మేస్త్రి నిలబడి ఉండగా తీసుకున్న ఇంటర్వ్యూ చెల్లదు. కార్మికుడు చెప్పేది మీకోసం కాదు, మేస్త్రి చెవిన పడటం కోసం. వారపు సంతకు వచ్చినప్పుడో, పని ముగిసిన తరువాత బట్టీ ఆవరణకు బయటో, సీజన్ అయ్యాక సొంతూళ్లోనో మాట్లాడాలి. పశ్చిమ ఒడిశా వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. ఒడియా వచ్చిన ఎవరినో ఒకరిని అనువాదానికి తీసుకెళితే కూలి లెక్కల దగ్గరే పొరపాట్లు దొర్లుతాయి. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడమనిషి అనువాదకురాలే ఉండాలి. భర్త పక్కన కూర్చుంటే అడ్వాన్స్ ఎవరి చేతికి వచ్చిందన్న ప్రశ్నకు నిజమైన జవాబు రాదు.

అనుమతి అంటే కాగితం మీద వేలిముద్ర కాదు. ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతారు, దీనివల్ల మీకు డబ్బు వస్తుందని మేం చెప్పలేం, మధ్యలో ఆపేయొచ్చు: ఈ నాలుగూ వాళ్ల భాషలో చెప్పి, తిరిగి వాళ్లతోనే చెప్పించుకోవాలి. నోట్స్‌లో పేరు బదులు కోడ్ రాయండి. కోడ్ ఎవరిదో చూపే షీట్ వేరే ఫైల్లో, పాస్‌వర్డ్‌తో ఉండాలి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో, జువెనైల్ జస్టిస్ చట్టాలూ అదే చెబుతాయి. ముఖం బ్లర్ చేసి ఊరు పేరు, తండ్రి వృత్తి, స్కూలు యూనిఫాం కనిపించే ఫొటో వేస్తే ముఖం దాచిన ప్రయోజనం లేదు. ఫండర్ వార్షిక నివేదికకు ఫొటో కావాలని ఒత్తిడి చేస్తారు. చేతులు, పనిముట్లు, ఖాళీ గుడిసె ఫొటోలు ఇవ్వండి. ఆ మాట మీద గట్టిగా నిలబడండి, ఎందుకంటే ఆ మనిషి తిరిగి అదే మేస్త్రి ముందుకు వెళ్లాల్సి రావొచ్చు.

సర్వే ఫారాలకు కోబో టూల్‌బాక్స్ సరిపోతుంది. తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా ఫోన్‌లో నింపొచ్చు. మొదట పదిమందితో పైలట్ చెయ్యండి. "మీ నెల ఆదాయం ఎంత" లాంటి ప్రశ్న రోజుకూలికి అర్థం లేనిదని అక్కడే తేలుతుంది. నిన్న ఎంత పని దొరికింది, గత వారంలో ఎన్ని రోజులు అని అడిగి లెక్క మీరు కట్టుకోవాలి.

నోట్ రెండు పేజీలే

సెక్రటేరియట్‌లో నోట్ చదివే అధికారికి పది నిమిషాలుంటే ఎక్కువ. మొదటి మూడు వాక్యాల్లో సమస్య, సాక్ష్యం, అడుగుతున్నది ఉండాలి. తరువాత ఆర్టీఐ అంకెలు, ఇద్దరు ముగ్గురు కార్మికుల అనుభవం క్లుప్తంగా, ప్రస్తుత నిబంధన, దానిలో ఖాళీ. చివర సిఫారసులు మూడుకి మించొద్దు. ప్రతి సిఫారసుకూ నాలుగు విషయాలు రాయండి: ఏ శాఖ, ఏ అధికారంతో, ఖర్చు ఏ పద్దు నుంచి, ఎప్పటిలోగా. "అవగాహన పెంచాలి", "సమన్వయం మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ చెయ్యరు కూడా. "కార్మిక శాఖ ఒక మెమో ద్వారా, విడుదల పత్రం ఇచ్చిన రోజే తక్షణ సాయం చెల్లించాలని కలెక్టర్లను ఆదేశించాలి" అని రాస్తే దాన్ని చెయ్యాలి, లేకపోతే చెయ్యబోమని చెప్పాలి.

కొత్త చట్టం అడగడానికి ముందు జీవోతో అవుతుందా, జీవో అవసరం లేకుండా సర్క్యులర్‌తో అవుతుందా చూడండి. కింద తీరే పనిని పైకి మోసుకెళితే ఏళ్లు పడుతుంది. డబ్బు కావాలంటే బడ్జెట్ పుస్తకాలు చదవడం రావాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 ఉంది. దాని కింద కేటాయించినది ఎంత, ఖర్చయినది ఎంత అన్న తేడా పట్టుకోగలిగితే మీ వాదనకు ఎదురుండదు. కేటాయింపు అంకె ఒక్కటే చూపించి వాదించేవాళ్లు ఆర్థిక శాఖ ముందు మొదటి ప్రశ్నకే తడబడతారు. సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు రెండూ చూసి వెళ్లండి.

అదే నోట్‌కు తెలుగులో ఒక పేజీ రూపం తప్పనిసరి. ఎమ్మెల్యే, యూనియన్ నాయకులు, విలేకరులు, అన్నిటికన్నా ముఖ్యంగా సాక్ష్యం ఇచ్చినవాళ్లు చదివేది అదే.

ముసాయిదా చట్టాలు బయటికి వచ్చినప్పుడు పని వేరు. 2025 ఏప్రిల్‌లో గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల బిల్లు ముసాయిదాను తెలంగాణ ప్రభుత్వం ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఇలాంటప్పుడు దొరికే సమయం తక్కువ, వ్యాసాలు రాయొద్దు. మూడు కాలమ్‌ల పట్టిక చెయ్యండి: ముసాయిదాలో ఉన్న వాక్యం, మీరు సూచించే వాక్యం, కారణం రెండు లైన్లలో. యాప్‌లో కార్మికుడి ఐడీ బ్లాక్ చేసేముందు నోటీసు ఎన్ని రోజులు, కారణం ఏ భాషలో చెప్పాలి, అప్పీలు ఎవరికి లాంటి చోట్ల ఒక్క మాట మారితే డెలివరీ కుర్రాడి బతుకు మారుతుంది.

సంస్థకు స్ట్రాటజీ చేసేటప్పుడు

మొదటి సమావేశానికి ముందే ఈ కాగితాలు తెప్పించుకోండి: ట్రస్ట్ డీడ్ లేదా సొసైటీ బైలాస్, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) ఉత్తర్వులు, విదేశీ నిధులుంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సర్టిఫికెట్, ఎఫ్‌సీ-4 రిటర్నులు (ఆ నిధుల వార్షిక లెక్క), నడుస్తున్న గ్రాంట్ల ఒప్పందాలు, జీతాల పట్టిక. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్ల విషయం వాళ్ల సీఏతో సరిచూసుకోండి. ఈ కాగితాలు ఇవ్వడానికి వెనకాడే సంస్థకు విజన్ వర్క్‌షాప్ చేసి ప్రయోజనం లేదు.

ఎఫ్‌సీఆర్‌ఏ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 2020 సెప్టెంబర్ సవరణ తరువాత విదేశీ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. ఆ డబ్బును ఇంకో సంస్థకు, దానికి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, బదిలీ చెయ్యకూడదు. పాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంటే పెద్ద సంస్థ కింద నాలుగు చిన్న సంఘాలకు పంచే పాత నమూనా ఇక నడవదు. మీరు గీసే ప్లాన్‌లో అలాంటి బాణం గుర్తు ఒక్కటున్నా సంస్థ రిజిస్ట్రేషనే ప్రమాదంలో పడుతుంది. లీగల్, ప్రొఫెషనల్ ఛార్జీలు పాలనా ఖర్చు కిందికే వస్తాయి కాబట్టి మీ ఫీజు ఏ పద్దు నుంచి ఇస్తారో మొదటి రోజే అడగండి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే ఉంటుంది, రెన్యువల్ పని గడువుకు ఆరు నెలల ముందే మొదలవ్వాలి. ఎఫ్‌సీ-4 డిసెంబర్ 31లోగా, ఆ ఏడాది రూపాయి రాకపోయినా వెయ్యాలి.

హక్కుల సంస్థలు ఇంకో భయంతో ఉంటాయి: ధర్నాలో పాల్గొంటే రాజకీయ సంస్థ అని ముద్ర వేస్తారేమోనని. 2020 మార్చిలో ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు, రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజల న్యాయమైన ప్రయోజనాల కోసం నిరసనకు మద్దతిచ్చిన సంస్థకు విదేశీ నిధులు కాదనకూడదని చెప్పింది. ఆ తీర్పు ప్రతిని బోర్డుకు చదివించండి. ఎన్నికల పార్టీలకు దూరం, ఖర్చుకు రసీదు, ప్రతి కార్యక్రమానికి లక్ష్యం రాసిన నోట్ ఉంటే భయం సగం తగ్గుతుంది.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు వైపు చూసే సంస్థకు ముందు చెప్పాల్సింది: కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో మానవ హక్కులు అన్న పద్దు లేదు. స్త్రీ పురుష సమానత్వం, వెనకబడిన వర్గాల అసమానతలు తగ్గించడం, విద్య, ఆరోగ్యం, మురికివాడల అభివృద్ధి ఉన్నాయి. కాబట్టి సఫాయి కార్మికుల పిల్లల చదువుకు, ఆరోగ్య పరీక్షలకు సీఎస్‌ఆర్ దొరుకుతుంది. మురుగు కాలువల్లో దిగిన కార్మికుల మరణాలపై కేసు నడపడానికి దొరకదు, దానికి వ్యక్తుల విరాళాలు కావాలి. ఆ విరాళాల పద్దును ఎంత చిన్నదైనా పెంచమని ప్రతి హక్కుల సంస్థకూ చెబుతాం. ఎవరి అనుమతీ లేకుండా నిజం చెప్పగలిగే డబ్బు అదొక్కటే. సీఎస్‌ఆర్ కావాలంటే సీఎస్‌ఆర్-1 నమోదు, మామూలుగా మూడేళ్ల పని అనుభవం ఉండాలి.

వర్క్‌షాప్ రెండు రోజులు. మొదటి రోజు ఉదయం ఫీల్డ్ సిబ్బందితో, డైరెక్టర్ లేకుండా. ఆయన గదిలో ఉంటే ఎవరూ నోరు తెరవరు. మధ్యాహ్నం, సంస్థ ఏ పని ఆపేయాలి అన్న ఒక్క ప్రశ్న మీదే కూర్చోండి. కొత్తవి చేర్చడం తేలిక, ఆపడమే కష్టం, అసలు స్ట్రాటజీ తేలేది అక్కడే. రెండో రోజు థియరీ ఆఫ్ చేంజ్, అంటే ఏ పని ఏ మార్పుకు ఎలా దారితీస్తుందో తేల్చుకోవడం. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ దీనికి ఎప్పటికీ మంచి పాఠం. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న నిర్వచనం పెట్టుకున్నారు. ఆ ఒక్క నిర్ణయంతో, ప్రమాదకరమైన పని ఏది కానిది ఏది అన్న చర్చ పక్కకు పోయి, పిల్లను పూర్తిసమయం బడికి చేర్చడమే పని అయింది. మీ సంస్థకు అలాంటి రాజీలేని వాక్యం ఒకటి దొరికేదాకా లాగ్‌ఫ్రేమ్ (లక్ష్యాలు, సూచికల పట్టిక) తెరవొద్దు. తెరిచాక సూచికలు ఎనిమిది పది మించొద్దు. శిక్షణ పొందినవారి సంఖ్య చేసిన పనిని చెబుతుంది. విడుదల పత్రం అందడానికి పట్టిన రోజులు ఫలితాన్ని చెబుతాయి.

ఫీజు, కాగితాలు

రేటు ఊహించి చెప్పొద్దు, లెక్క కట్టండి. ఏడాదికి ఇంటికి 9 లక్షలు, ఆఫీసు, ప్రయాణం, బీమాకు 2 లక్షలు కావాలనుకుందాం. సొంతంగా చేసేవాళ్లకు డబ్బు వచ్చే పనిదినాలు 120 దాటడం కష్టం, మిగతావి ప్రపోజల్స్‌కు, తిరగడానికి పోతాయి. 11 లక్షలను 120తో భాగిస్తే రోజుకు దాదాపు 9,200. చిన్న సంస్థ స్ట్రాటజీకి కాగితాలు చదవడం 2 రోజులు, ఇంటర్వ్యూలు 3, వర్క్‌షాప్ 2, రాయడం 4, సవరణలు 2, మొత్తం 13 రోజులు పడుతుంది. తక్కువకు చెయ్యాలనుకుంటే ఇన్వాయిస్‌లో పూర్తి రేటు రాసి రాయితీ విడిగా చూపించండి, వచ్చే ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు వాళ్లకు అసలు ఖర్చు తెలియాలి.

ఒప్పందం మీద సంతకానికి 30 శాతం, డ్రాఫ్ట్‌కు 40, ఫైనల్‌కు 30. సవరణలు రెండు విడతలే అని రాయండి. ఏడాదికి 50,000 దాటిన ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్నులో సరిచూసుకోవాలి. రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు, ఫీజు మీద 18 శాతం. విదేశీ సంస్థకు పనిచేసి తీసుకునే ఫీజు, మామూలు వృత్తి క్రమంలో సేవకు బదులైతే, విదేశీ విరాళం కిందికి రాదు. దానికి రుజువు ఒప్పందం, ఇన్వాయిస్, ఇచ్చిన రిపోర్టు. ఈ మూడూ లేకుండా డబ్బు మాత్రం ఖాతాలో పడితే సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

కంపెనీల వైపు నుంచి కూడా ఆదాయం ఉంటుంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలి, అందులో ఐదో సూత్రం మానవ హక్కులది. కాంట్రాక్టు కార్మికుల కనీస వేతనం, ఫిర్యాదులు, సరఫరాదారుల తనిఖీ లాంటి పనులకు ఫీల్డ్ తెలిసినవాళ్లు కావాలి. పోష్ (పనిచోట లైంగిక వేధింపుల నిరోధక) చట్టం కింద పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ, అందులో బయటి సభ్యులొకరు ఉండాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో దీనికి అవసరం ఎప్పుడూ ఉంటుంది. విచారణ 90 రోజుల్లో ముగించాలి కాబట్టి, ఒకేసారి ఎన్ని కంపెనీలకు ఒప్పుకున్నారో చూసుకోండి. శిక్షణ ఇచ్చి ఫీజు తీసుకునే కంపెనీ కమిటీలోనే బయటి సభ్యులుగా కూర్చుంటే, రేపు ఫిర్యాదు చేసిన అమ్మాయి మిమ్మల్ని నమ్మడానికి కారణం ఉండదు. రెండిట్లో ఒకటే ఎంచుకోండి.

ఏ పని ఒప్పుకునేముందైనా ఒప్పందంలో మూడు వాక్యాలు చూసుకోండి. కనుగొన్న విషయాలను క్లయింటు తన ఇష్టం వచ్చినట్టు మార్చి మీ పేరుతో వేసుకోకూడదని ఉండాలి. ఇంటర్వ్యూల ముడి నోట్స్ మీ దగ్గరే ఉంటాయని, కోడ్ షీట్ ఎవరికీ ఇవ్వరని ఉండాలి. పిల్లల మీద హింస, వెట్టి, లైంగిక దాడి లాంటివి మీ కంటపడితే గోప్యత షరతు అడ్డు రాదని ఉండాలి. మూడోదానికి ఒప్పుకోని క్లయింటు పని తీసుకోవద్దు. ఒప్పుకున్నాక, ఫీల్డ్‌కు వెళ్లే ముందురోజే ఆ జిల్లా బాలల సంరక్షణ అధికారి, ఆర్డీఓ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఫోన్ నంబర్లు టీమ్‌లో ప్రతి ఒక్కరి ఫోన్‌లో ఎక్కించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళలది 181.